రేకుల గుడి దగ్గర ఆగలేదు

జూన్ రెండో వారం, ఉదయం ఆరున్నరకు విమానం లద్దాఖ్‌లో దిగింది. ఎత్తు పదకొండు వేల అడుగులు. మెట్లు దిగి పది అడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది. మొదటి ఆరు రోజులు ఏ పనీ చెయ్యకూడదని ఆర్డర్. పడుకోవాలి, నీళ్లు తాగాలి, మెల్లగా నడవాలి. తర్వాత ఇంకా పై ఎత్తులో ఎనిమిది రోజులు అలాగే. పదిహేనో రోజున నా చేతికి బండి తాళం ఇచ్చారు.

నాది సైన్యంలో సిగ్నల్స్ విభాగం. పని డిస్పాచ్ రైడర్. వైర్‌లెస్‌లో చెప్పకూడని కాగితాలు, రేడియో సెట్ల బ్యాటరీలు, విడిభాగాలు మోటార్ సైకిల్ మీద సరిహద్దు దగ్గరి ముందు పోస్టులకు చేర్చాలి. ఈ రోజుల్లో కూడానా అని మా అమీర్‌పేటలో అందరూ అడుగుతారు. ఈ రోజుల్లో కూడా. సీలు వేసిన సంచిలోని కాగితాన్ని గాల్లోంచి ఎవరూ వినలేరు. లారీ పట్టని చోట బండి పడుతుంది.

బేస్ నుంచి చివరి పోస్టుకు రెండు వందల తొంభై కిలోమీటర్లు. మూడు రోజులు. మొదటి రోజు తారు రోడ్డు. రెండో రోజు కంకర. మూడో రోజు రోడ్డే ఉండదు. ఇసుకలో, రాళ్లలో ముందు వెళ్లినవాళ్ల టైరు గుర్తులుంటాయి. గాలి వీస్తే అవీ ఉండవు. ఆ రోజే ఒక వాగు దాటాలి, ఒక కనుమ ఎక్కాలి. కనుమ ఎత్తు పదిహేడున్నర వేల అడుగులు. బండి మీద సామాను: సంచి, పెట్రోల్ డబ్బా, పనిముట్ల చుట్ట, స్టవ్, రెండు రోజుల తిండి. ఒంటి మీద మూడు పొరల బట్టలు. చేతికి లోపల ఉన్ని గ్లవ్, పైన తోలు గ్లవ్. సామానులో ఒక పొడి జత అదనంగా ఉండాలి.

ఒంటరిగా వెళ్లడం నిషేధం. ప్రతి రెండు గంటలకు ఆగి ఒకరి చేతులు, కాళ్లు ఇంకొకరు చూడాలని కూడా ఆర్డర్ ఉంది. జతగాణ్ని సైన్యంలో బడ్డీ అంటారు. నా బడ్డీ లాన్స్ నాయక్, సనత్‌నగర్ వాడు. తండ్రి అక్కడ ఒక షెడ్డులో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. సైన్యంలో చేరేదాకా ఇతనూ అదే షెడ్డులో పని నేర్చాడు. బండి చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. నాది అమీర్‌పేట అని తెలిసి నవ్వాడు.

"గట్లయితే బస్సెక్కితే పావుగంట అన్నా. ఇంత దూరమొచ్చి కలుసుడేంది మనం."

కనుమ కింద ఒక రేకుల గుడి ఉంది. చాలా ఏళ్ల కిందట మంచులో చనిపోయిన ఒక డ్రైవర్‌ది అంటారు. బాబా అని పిలుస్తారు. లోపల ఒక ఫొటో, మడతపెట్టిన యూనిఫాం, ఇనుప దీపం. ఆ దారిన ఎవరు వెళ్లినా ఆగాలి. ఇంజిన్ కట్టేసి, గ్లవ్స్ తీసి, ఉత్త చేతులతో అగరబత్తి వెలిగించి, పటికబెల్లం ముక్క నోట్లో వేసుకుని కదలాలి. ఆగనివాడి బండి లోయవైపు తిరుగుతుందట. ఇది ఏ కాగితం మీదా లేదు. కాగితం మీద ఉన్న రెండు గంటల ఆర్డర్‌ను ఎవరూ విడిగా పాటించేవారు కాదు. ఇది మాత్రం తప్పేది కాదు. మొదటి రెండు ట్రిప్పుల్లో మాతో ఒక పాత హవల్దార్ వచ్చాడు. ఆయన ఆగాడు కాబట్టి నేనూ ఆగాను. లోపలికి వెళ్లలేదు. బయట నిలబడి గడియారం చూసుకున్నాను.

నేను పెరిగింది వాదాల మధ్య. పంజాగుట్టలో ఒక మేడ మీద ఆదివారం సాయంత్రాలు హేతువాదుల సమావేశం జరుగుతుంది. ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న నన్ను మొదటిసారి తీసుకెళ్లాడు. శకునాలు, జాతకాలు, బాబాలు, తాయెత్తులు ఒక్కొక్కటీ అక్కడ ముక్కలవడం చూశాను. ఎదుటివాడి మాట పూర్తయ్యేలోపు జవాబు సిద్ధం చేసుకోవడం అక్కడే అలవాటైంది. ఆ అలవాటు గురించే ఇదంతా రాస్తున్నాను.

మూడో ట్రిప్పు సెప్టెంబరు ఆఖర్లో. ఇద్దరమే. అతని కన్నా ఒక మెట్టు పైన, నాయక్‌ని కాబట్టి బాధ్యత నాది. బేస్ ఆపరేటర్ వాతావరణం చెప్పాడు: మూడో రోజు మధ్యాహ్నం నుంచి మంచు. మధ్యాహ్నం రెండయ్యేలోపు పోస్టు చేరాలని ఆర్డర్.

మూడో రోజు ఐదూ నలభైకి బయలుదేరాం. ఏడూ పదికి వాగు. ఒడ్డున గాజు పెంకులా మంచు. నీళ్లు మోకాలి లోతు. నేను దాటాను. వాగు మధ్యలో అతని బండి ఆగిపోయింది. పక్కకు ఒరిగింది. బండిని పడనివ్వకుండా ఒక మోకాలు, కుడి చెయ్యి నీళ్లలో ఆన్చాడు. ఇద్దరం కలిసి ఒడ్డుకు తోశాం. తోలు గ్లవ్ పిండుకుని మళ్లీ తొడుక్కున్నాడు. ఏం కాలేదన్నాడు. సామాను మూట విప్పి పొడి జత తియ్యాలంటే తాళ్లన్నీ విప్పాలి. పద అన్నాను.

తొమ్మిదీ ఇరవై ఐదుకు గుడి కనిపించింది. వెనక నుంచి హారన్ రెండుసార్లు మోగింది. ఆగాను. ఇంజిన్ ఆపలేదు. అతను పక్కకు వచ్చి నిలిపాడు.

"అన్నా, బాబా కాడ జర ఆగుదాం."

"ఎందుకు?"

"ఊకెనే. అందరు ఆగుతరు గద."

"చచ్చిపోయిన డ్రైవర్ నీ బండిని లోయలోకి ఎలా తిప్పుతాడో చెప్పు, ఆగుతాను."

అతను గుడివైపు చూశాడు. "పది నిమిషాలే అన్నా."

"ఆ పది నిమిషాల్లో మబ్బు వస్తుంది. మబ్బు నిజం. బాబా అబద్ధం. పద."

"సరే అన్నా."

మాట్లాడినంతసేపూ అతని కుడి చెయ్యి చంకలో ఉంది. అది చూశాను. చూసి కూడా నా బుర్ర తర్వాతి జవాబు వెతుక్కుంటోంది.

పదీ యాభైకి కనుమ దాటాం. దిగుడులో అతను బాగా వెనకబడ్డాడు. కుడి చేత్తో నొక్కే ముందు బ్రేకు వాడకుండా కాళ్లు నేలకు రాస్తూ దిగుతున్నాడు. త్వరగా రమ్మని చెయ్యి ఊపాను, రెండుసార్లు. ఒంటిగంటా పదికి పోస్టు. ఒకటీ నలభైకి మంచు మొదలైంది. నా లెక్క సరిగ్గా వచ్చింది. పది నిమిషాలు ఆగినా ఇంకో ఇరవై నిమిషాలు మిగిలేవి.

బంకర్లో అతని గ్లవ్ ఊడలేదు. నర్సింగ్ అసిస్టెంట్ కత్తెరతో కోశాడు. బొటనవేలు ఎర్రగా ఉంది. మిగతా నాలుగూ కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"నొప్పి ఉండుంటే బాగుండేది," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. స్టవ్ మీద నీళ్లు గోరువెచ్చగా కాచాడు.

బేస్‌కు రేడియోలో చెప్పాను. ఆపరేటర్ మొదటి ప్రశ్న చేతి గురించి కాదు.

"బాబా దగ్గర ఆగారా? ఓవర్."

"లేదు. ఓవర్."



రెండు రోజులు మంచు ఆగలేదు. మూడో రోజు హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రిలో నాలుగు వేళ్లూ తీసేశారు.

నేను బేస్‌కు తిరిగొచ్చేసరికి మెస్సులో అందరూ ఒకే మాట మీద ఉన్నారు. ఆగలేదు, బాబా తీసుకున్నాడు. ఆగనన్నవాణ్ని నేనైతే వేళ్లు అతనివి ఎందుకు పోయాయని అడిగాను. గెలిచాననుకున్నాను. తర్వాత విచారణ జరిగింది. నా వాంగ్మూలం ఒక పేజీ. వాగులో గ్లవ్ తడిసింది, పొడి జత దగ్గర ఉన్నా రైడర్ మార్చుకోలేదు అని రాశాను. ప్రతి అక్షరం నిజం. ఆగుదామని అతను అడిగాడని రాయలేదు. నేను కాదన్నానని రాయలేదు. బాబా పేరు అధికార కాగితంలోకి ఎక్కితే మూఢనమ్మకానికి సాక్ష్యం నేనే ఇచ్చినట్టవుతుంది అనుకున్నాను. హేతువాదం కోసం నిజాన్ని దాచాను. విచారణ తేల్చింది: గాయానికి కారణం రైడర్ అజాగ్రత్త. అలా తేలితే ఆ గాయానికి రావలసిన పింఛను రాదు. అతన్ని ఇంటికి పంపేశారు.

లద్దాఖ్‌లో నా పోస్టింగ్ గడువు ముగిసింది. ఇంకో రెండేళ్లకు సర్వీసూ ముగిసింది. అమీర్‌పేట వచ్చాను. ఒక కోచింగ్ సెంటర్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. కోడింగ్ నేర్చుకోవడానికి వచ్చిన హాస్టల్ కుర్రాళ్లు ఫోన్లో మ్యాపు తెరిచి లద్దాఖ్ దారి అడుగుతారు. బండి ఏ మోడల్ తీసుకోవాలి, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి అని. గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి అంటాను. నవ్వుతారు. సనత్‌నగర్ పక్కనే. ఏడాదిన్నర నేను అటు వెళ్లలేదు.

ఒక ఆదివారం పంజాగుట్ట మేడ మీద నన్ను మాట్లాడమన్నారు. విషయం: సైన్యంలో మూఢనమ్మకాలు. గుడి గురించి చెప్పాను, యూనిఫాం గురించి, పటికబెల్లం గురించి. చివర్లో అన్నాను: "నేను ఆగలేదు. నాకేమీ కాలేదు." అప్పుడు చూశాను. నాలుగో వరసలో నా బడ్డీ కూర్చుని ఉన్నాడు.

మీటింగ్ అయ్యాక చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాను. సమావేశం సంగతి ఎవరో వాట్సాప్‌లో పంపారట. నా ఫొటో చూసి వచ్చానన్నాడు. కప్పు ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"మస్తు మాట్లాడినవ్ అన్నా. నాకు సుత నచ్చింది. నేను బాబాను ఎన్నడు నమ్మలే."

"మరి ఆగుదామన్నావు కదా."

"వేళ్లు మొద్దుబారినయ్ అన్నా. వాగుల పడ్డప్పటి సంది. గది నీకెట్ల చెప్పాలె? వాగు సుత దాటరానోడు అనుకుంటవ్. బాబా పేరు చెప్తే ఎవ్వలేమనరు. హవల్దార్ సాబ్ గట్లనే ఆగుతుండె, మోకాళ్లు నొస్తే. అందరు గట్లనే. నీకు ఎర్కనే అనుకున్న."

నాకు తెలియదు. పదిహేనేళ్లు సైన్యంలో ఉండి తెలియదు. చలి వేస్తోందని, భయమేస్తోందని, తల తిరుగుతోందని చెబితే పరువు పోతుందనుకునే మగవాళ్లు, చెప్పకుండా బండి దిగడానికి దొరికిన ఒకే ఒక్క చోటు అది. అక్కడ గ్లవ్స్ తీసేవారు. వేళ్లు బయటపడేవి. దీపం మీద చేతులు కాచుకునేవారు. నేను గడియారం చూసుకునేవాణ్ని. ఆ రోజు అతను సాయం అడిగాడు. నేను వాదనకు జవాబిచ్చాను.

ఇది చదివి బాబా మహిమ అనబోయేవాళ్లకు చెబుతున్నాను. మహిమ ఏమీ లేదు. తడి గ్లవ్, ఆరు గంటల చలి, మూర్ఖుడైన నాయక్. సిపాయి తన నొప్పిని నొప్పి అని చెబితే ఎవరూ నవ్వని రోజున ఆ గుడి దానంతట అదే ఖాళీ అవుతుంది. ఆ రోజు తేవలసిన పని నాలాంటివాళ్లది. నేను గుడిని వెక్కిరించి ఊరుకున్నాను.

"ఎందుకొచ్చావు?" అని అడిగాను.

"మా అమ్మ బాబా తీసుకున్నడంటది. సర్కారు నేనే పోగొట్టుకున్ననంటది. అక్కడ ఉన్నది నువ్వొక్కనివే గదన్నా. ఉన్నదున్నట్టు రాస్తవా?"

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టాను. మూడు పేజీలు రాశాను. రైడర్ ఆగుదామని అడిగాడు. ప్రతి రెండు గంటలకు ఆగి చేతులు చూడమన్న ఆర్డర్ ఉంది. నాయక్‌గా ఆ ఆర్డర్ మీరింది నేను. మొదటి వాంగ్మూలంలో ఈ సంగతి కావాలనే దాచాను. సంతకం చేసి, మా పాత యూనిట్ పేరిట అమీర్‌పేట పోస్టాఫీసులో రిజిస్టర్ చేశాను. ఒక కాపీ అతనికిచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు నెలలైంది. పైనుంచి జవాబు రాలేదు. వస్తే అది నా మీద చర్యగానే రావచ్చు. రానీ.

ఇదంతా సమావేశంలోనూ చెబుతానని కార్యదర్శికి ఫోన్ చేశాను. "ఏంటండీ మీరు, వాళ్ల చేతికి మనమే కర్ర ఇస్తామా?" అన్నారాయన. సభలో చోటివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కనుమ నాకు గుర్తు రాదు. బంకర్లో కత్తెర కూడా అప్పుడప్పుడే. రోజూ గుర్తొచ్చేది ఆ ఆదివారం. నాకేమీ కాలేదు అన్నాను. హాలంతా చప్పట్లు. నాలుగో వరసలో అతనూ కొడుతున్నాడు, అందరితో పాటు, మనస్ఫూర్తిగా. ఎడమ చెయ్యి వచ్చి, నాలుగు వేళ్లు లేని అరచేతిని తాకి, వెనక్కి పోతోంది. నేను సభకు నమస్కారం పెట్టి కూర్చున్నాను.