ఒక లైటు పసుపు, ఒక లైటు తెలుపు

మా ఎదురింటి వదినకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఆవిడ ముందే అంటాను, ఆవిడా కాదనదు. "ఉంది, అయితే ఏంటి? ఊరికే వచ్చిందా?" అంటుంది. ఊరికే రాలేదు, అందుకే ఈ కథ. ముందే చెబుతున్నాను, నేను వదిన పక్షం.

వదిన కర్టెన్లు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మెషిన్, దాని మీద ఎప్పుడూ ఎవరింటికో కొలిచి కత్తిరించిన గుడ్డ. ఆవిడ కిటికీకి మాత్రం పాత దుప్పటి ముక్క వేలాడుతుంది. అడిగితే మూతి తిప్పుతుంది. వాళ్ళాయన్ని నేను అన్నయ్య అంటాను. వ్యాను నడుపుతాడు, దుకాణాలకు ఫ్యాన్లూ మిక్సీలూ చేరవేస్తాడు. అదే ఇంట్లో అన్నయ్య తమ్ముడూ, అతని భార్య చిన్న వదినా ఉంటారు. తమ్ముడిది గోడౌన్లో రాత్రి కాపలా. చిన్న వదిన ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆమె పని ముగిసేసరికి చీకటి పడిపోతుంది. ఇంటికి రావడం సైకిల్ మీదే.

అన్నయ్య మంచివాడే, స్టీరింగు పట్టుకోనంతసేపూ. భోజనం దగ్గర సైకిళ్ళవాళ్ళను తిట్టందే ఆయనకు ముద్ద దిగదు. "రోడ్డు వాళ్ళ బాబు సొమ్మనుకుంటారు. అలాంటోడు కనిపిస్తే గాలి తగిలేలా పక్కనుంచి రయ్యిమని పోనిస్తా. దెబ్బకి అంచుకి దిగిపోతాడు" అని నవ్వేవాడు. చిన్న వదిన కంచంలోకి చూస్తూ తినేది. ఆమెను అలా అంచుకు దింపినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆమె వచ్చేది లారీ షెడ్ల వెనక రోడ్డు, అక్కడ సగం దీపాలు వెలగవు. ఒకసారి కారులోంచి ఎవడో ఖాళీ సీసా విసిరితే భుజానికి తగిలింది. ఇంకోసారి ఒక బండి అద్దం హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది, ఈమె వెళ్ళి కాలవలో పడింది.

అయినా పని మానలేదు. లాండ్రీలో ఒక పెద్దావిడ ఎన్నో ఏళ్ళుగా అదే దారిలో సైకిల్ తొక్కుతోందట. ఆవిడ దగ్గర కూర్చుని అంతా నేర్చుకుంది. అంచున పోకూడదు, అంచున పోతే సందుంది కదా అని దూరతారు. బండివాడు పక్కకు తప్పుకుని దాటాల్సినంత లోపలికి తొక్కాలి. తిడితే జవాబు చెప్పకూడదు, వెనక్కి తిరగకూడదు. ఎర్ర లైటు సైకిల్‌కొకటి, నడుముకొకటి. క్యారియర్‌కి అడ్డంగా, రోడ్డువైపు మూరెడు పొడుచుకొచ్చేలా ఒక కర్ర, దాని చివర ఎర్రగుడ్డ. "మనిషికి తగులుతుందంటే ఆగరమ్మా, బండికి గీత పడుతుందంటే ఆగుతారు" అందట పెద్దావిడ. కర్ర కట్టిన రోజు నుంచి బళ్ళన్నీ మర్యాదగా ఎడంగా పోవడం మొదలుపెట్టాయి.

చీకట్లో బండి వెలుగు పడితే మెరిసే పట్టీల చొక్కా మాత్రం మా వదినే కుట్టిచ్చింది. చంకల దగ్గర కాస్త బిగువుగా కుట్టింది. వదిన కొలతలు తప్పే మనిషి కాదు, కావాలనే కుట్టిందని నా అనుమానం.

పెళ్ళయిన కొత్తలో వదిన కర్టెన్ల కొట్లో పనిచేసేది. అదే రోడ్డు, అదే చీకటి, అదే సైకిలు. అప్పటికే అన్నయ్య వ్యాను నడుపుతున్నాడు. ఒకనాడు ఎవడో గుద్దినంత పని చేస్తే కిందపడి, మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చింది. అన్నయ్య చూసి, "సైకిల్‌కేం కాలేదుగా?" అన్నాడు. ఆ మాట ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు. ఇప్పుడేమో చిన్న వదినకు కాస్త ఆలస్యమైతే గోడౌన్ నుంచి తమ్ముడి ఫోన్ల మీద ఫోన్లు. "వచ్చిందా వదినా? ఇంకా రాలేదా?" ఫోను పెట్టేసి వదిన నా వైపు తిరిగేది. "నేనొచ్చే రోజుల్లో ఫోన్లు కనిపెట్టలేదు కాబోలు" అనేది.

ఒక సాయంత్రం నేను దిండు గలీబులు కుట్టించుకుందామని వెళ్ళి అక్కడే కూర్చున్నాను. చిన్న వదిన లోపలికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా నేల మీద కూలబడింది.

"అక్కా, నేను రేపట్నించి పనికి వెళ్ళను."

"ఏమైందే?"

"ఎవడో రోజూ నా వెనకే వస్తున్నాడక్కా. దాటిపోడు, హారన్ కొట్టడు. నేను మెల్లగా తొక్కితే మెల్లగా వస్తాడు, గబగబా తొక్కితే గబగబా వస్తాడు. సీసా విసిరినవాడే నయం, విసిరేసి పోయాడు. వీడు పోడు. మన వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోతాడు."

"ఎలాంటి బండి?"

"వెనక్కి చూడకూడదుగా, చూడలేదు. రోడ్డు మీద వెలుగు పడుతుంది చూడు, ఒక పక్క పసుపుగా, ఒక పక్క తెల్లగా ఉంటుంది."

మెషిన్ ఆగిపోయింది. వ్యాను లైటు ఒకటి మాడిపోతే అన్నయ్య కొత్త బల్బు వేయించుకుని, జత కుదరలేదని వీధంతా వినేలా గొణుక్కున్నది నాకూ గుర్తే. ఈ మధ్య ఆయన చీకటి పడ్డాకే ఇంటికొస్తున్నాడన్నదీ గుర్తే. వదిన ముఖం ఎర్రబడింది. ఒక్క పూట నోరు కట్టుకుంటే చాలు, చిన్న వదిన ఉద్యోగం పోతుంది, ఆ ఫోన్లూ ఆ హడావుడీ పోతాయి. కానీ మా వదినది దాచుకునే కుళ్ళు కాదు.

"ఉండు, వాడెవడో ఇప్పుడే చూపిస్తా" అంది.

కాసేపటికి అన్నయ్య వచ్చాడు. చెప్పులు విడవకముందే వదిన అందుకుంది. "ఏవండీ, మన వ్యానుకి ఏ పక్క లైటు పసుపు, ఏ పక్కది తెలుపు?"

అన్నయ్యకు అర్థమైంది. చెవులు కందిపోయాయి. "అదీ... దారే కదా అని..."

"మీ దారి అటు కాదు."

"కాదులే" అన్నాడు. "నాలాంటోళ్ళు ఆ రోడ్డు మీద ఎంతమందున్నారో నాకు తెలీదా? వెనక నా బండి ఉంటే ఇంకోడు దగ్గరికి రాడని."

పాము కాళ్ళు పాముకే తెలుసు మరి.

"ఒక్క మాట చెప్పొచ్చుగా బావగారూ! ఒక్క హారనన్నా కొట్టొచ్చుగా!" అంది చిన్న వదిన, ఏడుస్తూ నవ్వుతూ.

"హారన్ కొడితే భయపడతావేమోనమ్మా."

దాంతో ఉద్యోగం నిలిచింది. అందరం నవ్వుకున్నాం, వదిన తప్ప.

మర్నాడు నేను వెళ్ళేసరికి వదిన గుడ్డను కత్తిరించడం లేదు, నరుకుతోంది. రాత్రి ఆయన్ని అడిగిందట, "నా వెనక ఎప్పుడైనా అలా వచ్చారా?" అని. "నీకేంటే, నువ్వు గట్టిదానివి" అన్నాడట.

"గట్టిదాన్నట! ఎవరు చేశారు గట్టిదాన్ని? దానికేమో వెనక దీపాలు పట్టుకుని ఊరేగింపు. నాకు కడుపు మండిపోతోంది. నాకూ కావాలి. ఒక్కసారి నా వెనక కూడా ఆ దీపాలు రావాలి."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. రమ్మని అడగరాదూ?"

"అడిగి తెప్పించుకుంటే ఏం లాభం?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి మీదా కోపమే ఆవిడకు.

చిన్న వదినకు సెలవొచ్చిన రోజు, వదిన మెట్ల కింద మూలబడ్డ తన పాత సైకిల్ తీయించింది. గొలుసుకు నూనె వేయించి, వెనక ఎర్ర లైటు పెట్టించింది. ఉదయం అన్నయ్య బయల్దేరుతుంటే, "లారీ షెడ్ల అవతలింటికి కర్టెన్లు నేనే ఇచ్చొస్తా. సైకిల్ మీద. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది" అని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అన్నయ్య "ఊఁ" అని బండెక్కాడు. సాయంత్రం చిన్న వదిన గేటు దాకా వచ్చి, "అంచున పోవద్దక్కా, ఎవడేమన్నా సరే" అని పాఠం చెప్పి పంపింది.

తర్వాతది వదిన చెప్పగా విన్నదే. తిరుగుదారిలో షెడ్లు దాటుతుండగా ముందు రోడ్డు మీద వెలుగు పడిందట. ఒక పక్క పసుపు, ఒక పక్క తెలుపు. వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. కొత్త పెళ్ళికూతురిలా సిగ్గేసిందట, ఆ వయసులో, ఆ రోడ్డు మీద. తిరిగి చూస్తే ఎక్కడ ఆ వెలుగు పోతుందోనని నిదానంగా తొక్కింది.

హారన్ మోగింది. ఒకటి కాదు, చెవులు చిల్లులు పడేలా. ఆ వెంటనే కిటికీలోంచి గొంతు. "ఏయ్! రోడ్డు నీ అబ్బ సొత్తా? అంచుకి జరుగు!"

గుర్తుపట్టలేదు. ఉదయం విన్న మాట మరిచిపోయి, రోజూ అలవాటైన దారి కాబట్టి అటు వచ్చాడంతే. మరదలి వెనక అన్నాళ్ళు కాపలా కాసిన మనిషికి పెళ్ళాం వీపు పరాయిదైపోయింది.

వదిన అంచుకు జరగలేదు, జవాబు చెప్పలేదు, వెనక్కి తిరగలేదు. ఎదురుగా బళ్ళు వస్తూనే ఉన్నాయి, అన్నయ్యకు దాటే వీలు లేదు. ఆ వ్యాను అలా అరుచుకుంటూ ఆవిడ వెనకే పాకింది. ఆవిడ మా వీధిలోకి తిరిగింది, అదీ తిరిగింది. ఆ గోలకు నేను కిటికీ దగ్గరికి వచ్చాను. వదిన గేటు ముందు దిగి, సైకిల్ నిలబెట్టి, అప్పుడు వ్యాను వైపు తిరిగింది. వెలుగు ముఖం నిండా పడింది. హారన్ సగంలో ఆగిపోయింది.

అన్నయ్య దిగాడు. "నువ్వా? నువ్వని... చూసుకోలేదే."

ఇంతలో చిన్న వదిన తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. సైకిల్‌నూ, దాని వెనక వ్యాన్‌నూ చూసి ముఖం చాటంత చేసుకుంది.

"చూశావా అక్కా! నీ వెనకా వచ్చారు బావగారు!"

"ఆఁ, వచ్చారు" అంది వదిన, ఆయన్నే చూస్తూ. "నేను గట్టిదాన్ని కదా, హారన్ కొట్టుకుంటూ వచ్చారు."

అన్నయ్య చేతిలో తాళాలు పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయాడు. లైట్లు ఆర్పడం కూడా మరిచిపోయాడు.