నిలబెట్టి చేసిన బ్రాకెట్

2007 నవంబరు. విశాఖపట్నంలోని ఓ చిన్న వర్క్‌షాపులో నేను చేరి ఏడాది కావస్తోంది. మా దగ్గర లేజర్ సింటరింగ్ యంత్రం ఒకటి ఉండేది. గాజు కలిపిన నైలాన్ పొడిని పల్చగా పరిచి, కావలసిన చోట లేజర్‌తో కరిగించి అతికిస్తుంది. దాని మీద మరో పొర. అచ్చు లేకుండానే, వందల పొరల్లో వస్తువు తయారవుతుంది. చేయవలసిన భాగాలను యంత్రంలో ఎలా సర్దాలో నిర్ణయించడం నా పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు కాబట్టి అది నాకు నచ్చేది.

కాఫీ తోటలను పైనుంచి ఫొటోలు తీసే, పైలట్ లేని చిన్న విమానానికి తోకను పట్టి ఉంచే బ్రాకెట్ చేశాం. మేమంతా జీపులో వెళ్లి కొండల్లోని డుంబ్రిగుడ దగ్గర ఎగరేసిన మొదటిరోజే తోక ఊడి, విమానం వలిసె నూనెగింజల చేలో కూలింది. మా ఫిట్టర్ అప్పలరాజు బాబాయ్ బోల్టులు మరీ బిగించేశాడని, అందుకే పగిలిందని మేనేజర్ అక్కడికక్కడే తేల్చేశారు. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు.

విరిగిన బ్రాకెట్ కోసం పసుపు పూల మధ్య వెతుకుతుంటే, ఆ చేను యజమానురాలు చిలకమ్మ వచ్చి మా పాదాల కేసి చూసింది.

"ఏటి ఎతుకుతన్నారమ్మా? పువ్వంతా రాలిపోతంది."

క్షమించమని, విషయం చెప్పాను. ఆమె బుట్టలోంచి ఓ ముక్క తీసింది.

"ఇదేనేటి? ఇసక నాగ గరుగ్గా ఉంది. దీనికేనా ఇంతమంది?"

ముక్కను భూతద్దంతో చూశాను. బోల్టు బిగింపు వల్లయితే పగులు బోల్టు రంధ్రం దగ్గర మొదలవ్వాలి. ఇది రంధ్రానికి రెండు వేళ్ల దూరంలో, కత్తితో కోసినట్టు అడ్డంగా తెగింది. సరిగ్గా రెండు పొరల మధ్య. అప్పుడు గుర్తొచ్చింది. మిగతా భాగాలతో పాటు ఒకే విడతలో ఇరికించడానికి ఆ బ్రాకెట్లను నేనే నిలువుగా నిలబెట్టాను; దాంతో పొరలు వాటికి అడ్డంగా పడ్డాయి.

జీపులో రెండు అదనపు బ్రాకెట్లున్నాయి. ఒకటి అంతకుముందు పడుకోబెట్టి చేసింది, రెండోది ఈ విడతది. మొదటిది బాబాయ్ ఎంత వంచినా విరగలేదు. రెండోది నా చేతుల్లోనే టక్కున విరిగింది.

బాబాయ్ మెల్లగా అన్నాడు. "ఆయనకి సెప్పగలవేటే గుంటా? నీ గొంతు నీకే ఇనపడదు కదా."

వెళ్లి చెప్పాను. "బోల్టుల తప్పు కాదు సార్. నేను నిలబెట్టి చేశాను. పొరల మధ్య పట్టు తక్కువ." మేనేజర్ రెండు ముక్కలనూ చాలాసేపు తిప్పి చూశారు. నన్ను తిట్టారు. బాబాయ్‌ని మాత్రం రేపు పనికి రమ్మన్నారు.

ఆ డ్రాయింగులో కొలతలన్నీ ఉన్నాయి. లాగే బలం ఎటునుంచి వస్తుందో లేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు యంత్రంలో ఏది సర్దినా, ముందు దాన్ని బిగించే మనిషి దగ్గరికి వెళ్లి అడుగుతాను. అతను చూపించిన వైపు డ్రాయింగు మీద పెన్సిల్‌తో ఒక బాణం గీసుకున్నాకే స్విచ్ వేస్తాను.