మార్తమ్మక్క గంగరావి

ఈ ఉదయం సమాధుల తోటలో ఒక గంగరావి ఆకు తుంచాను. వేళ్లకు అంటిన పచ్చి వాసనకు మార్తమ్మక్క కుట్టుమిషను చప్పుడు మళ్లీ చెవిలో మోగింది. చేతిలో కత్తి ఉంది. చిగుళ్లు నరకడానికే వచ్చాను. నరకనూ లేక, తిరిగి రానూ లేక, పిచ్చిదానిలా నిలబడిపోయాను.

సూళ్లూరుపేట దగ్గర మా ఊళ్లో మార్తమ్మక్కది మా పక్క ఇల్లు. నాకు కుట్టు నేర్పింది ఆమే. మిషను మీద ఎండ పడుతోందని ఒక వానాకాలం గంగరావి కొమ్మ నరికి ఇసుకలో పాతింది. దానికి గింజా అక్కర్లేదు, నారూ అక్కర్లేదు, పచ్చి కొమ్మ గుచ్చితే చాలు. చూస్తుండగానే ఇంటి కప్పు దాటింది. మేము ఆకు చుట్టి బూరలు ఊదేవాళ్లం. ఆమె అవే ఆకుల్లో కుడుములు ఉడికించేది. పొద్దున పసుపుగా విచ్చిన పువ్వు వాడేసరికి ఎర్రబడేది. ఆమె మాటా అంతే. రవిక మెడ లోతుగా కత్తిరించమనేది, కత్తిరించాక ఎందుకు కత్తిరించావనేది. ఒకసారి విసిగిపోయి అడిగేశాను. దారం కొరుకుతూ నవ్వింది.

“నిన్న తెలిసింది నిన్న చెప్పినాను పాపా. ఈరోజు ఇంకోటి తెలిసింది. దాచిపెట్టుకోమంటావా?”

మంచం పట్టాక ఆ చెట్టు విషయంలోనూ అదే చేసింది. తనను పూడ్చే పెట్టె ఆ చెక్కతోనే చేయించమని నాతో అన్నది. చెట్టు మీద కత్తి పడనివ్వొద్దని కొడుకు యోహానుతో అన్నది. ఏది ముందు అన్నదో, ఏది తర్వాత అన్నదో మా ఇద్దరికీ తెలియదు. ఆమె పోయిన రోజు ఆ చెట్టు కిందే వాదులాడుకున్నాం.

“అమ్మ నాకు చెప్పినాక ఇంక మాటేముందక్కా” అన్నాడు యోహాను.

నాకూ చెప్పింది కదా అని నాకు ఏడుపొచ్చింది. చివరికి పెట్టె నాయుడుపేట నుంచి వచ్చింది. చెట్టు నుంచి ఒక కొమ్మ మాత్రం కోసి, బెరడైనా తీయకుండా సిలువ కట్టి, తలవైపు పాతాం. ఇద్దరి మాటా దక్కిందనుకున్నాం. పచ్చి గంగరావిని తడి ఇసుకలో గుచ్చుతున్నామని ఆ దుఃఖంలో ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడా సిలువ చిగురించింది. కొందరు దాని ముందు మోకరిస్తున్నారు. వేళ్లు పాకితే పక్క సమాధులు పగులుతాయి, వెంటనే తీసేయమని సంఘపెద్దలు అంటున్నారు. అదీ న్యాయమే. అప్పుడు కత్తి వద్దన్న యోహాను ఇప్పుడు తీసేద్దామంటున్నాడు. అప్పుడు కోద్దామన్న నేను వద్దంటున్నాను. చివరికి చిగుళ్లైనా నరుకుతానని పెద్దలకు ఒప్పుకునే ఈ ఉదయం కత్తి పట్టుకెళ్లాను. అక్క ఉంటే ఏమనేదో ఎంత ఆలోచించినా అందడం లేదు.

కత్తి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. దారిలో పెద్దలు ఏం చేశావని అడిగారు. ఏం చేయాలో నాకు తెలియడం లేదని చెప్పాను. ఆ మాట సిగ్గుపడకుండా చెప్పడం ఆమె దగ్గర నేర్చుకున్నదే. రేపు అడిగితే, రేపు తెలిసింది చెబుతాను.