హెన్రీ సారు చెప్పని సముద్రం

మెట్టుగూడలో హెన్రీ సారంటే భూగోళమే. ముప్పై ఏళ్లు బళ్లో ఒకటే నోట్సు రాయించారు: పసిఫిక్ సముద్రం వేడెక్కితే ఎల్‌నినో, ఎల్‌నినో వస్తే మనకు కరువు. ఒక మార్కు ప్రశ్న. రిటైరయ్యాక కూడా ఆ మార్కును ఎదురుపడిన ప్రతివాడికీ పంచిపెట్టేవారు.

వీధి మలుపులో తుప్పు పట్టిన రేకుల కింద లచ్చమ్మ ఇస్త్రీ కొట్టు. ఏటా మృగశిరకి ఆ రేకుల మీద తాడిపత్రి పట్టా కప్పేది. 2023లో అది చినిగిపోయింది.

"సార్, ఈసారి వానలు గట్టిగ పడ్తయా? కొత్త తాడిపత్రి కొనాల్నా?"

"ఎందుకమ్మా దండగ! ఎల్‌నినో వచ్చింది. చినుక్కి మొహం వాచిపోతాం, చూడు."

సారు మాట ఆమెకు వేదవాక్కు. కొనలేదు.

జులై ఆఖర్లో వాన దంచి కొట్టింది. ఒక పొద్దున లచ్చమ్మ కొట్టు తీసేసరికి బట్టల మూటలన్నీ తడిసి ముద్దయ్యాయి. అదే వీధిలో ఉండే ప్రిసిల్లా ఇస్త్రీకిచ్చిన పెళ్లినాటి తెల్ల పట్టుచీర నిండా తుప్పు మరకలు. ఆగస్టులో చుక్క పడలేదు. దేశం మొత్తమ్మీద ఆ ఏడు వాన తక్కువే. పరీక్షలో రాస్తే సారుకు మార్కు పడేది.

మన పక్కనున్న హిందూ మహాసముద్రానికీ ఇందులో వాటా ఉందనీ, కరువు ఏడాదిలోనూ బంగాళాఖాతంలో ఒక్క అల్పపీడనం పుడితే వారంపాటు ముంచేస్తుందనీ ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఒక మార్కులో అవన్నీ పట్టవు మరి!

ప్రిసిల్లా లచ్చమ్మను వీధిలో నిలబెట్టి కడిగేసింది. ఒక్కొక్కరే బట్టలు వేయడం మానేశారు. ఎవరడిగినా లచ్చమ్మ, "నాకే సోయి లేకపాయె" అంది తప్ప సారు పేరెత్తలేదు. సారూ ఎత్తలేదు. చర్చిలో ప్రిసిల్లా వెనక బెంచీలోనే కూర్చుని గొంతెత్తి పాటలు పాడారు, తాడిపత్రి కొనొద్దన్నది తానేనన్న ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయారు. ఆ సిగ్గు ఆయన్ని ఇప్పటికీ తినేస్తోంది.

కొట్టు మూతపడింది. లచ్చమ్మ సైనిక్‌పురిలో అంట్లు తోమే పనికి కుదిరింది. మరుసటి జూన్‌లో బస్టాపు దగ్గర సారు నలిగిన చొక్కాతో కనిపించారు.

"ఇస్త్రీ ఎవ్వలు చేస్తలేరా సార్?" అని నొచ్చుకుంది. ఆనక మామూలుగా అడిగింది: "ఈసారి వానలు ఎట్లుంటయి?"

సారు చొక్కా ముడతలు సవరించుకున్నారు. చివరికి, "నాకు తెలియదు లచ్చమ్మా" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

"మీకు తెల్వకపోవుడేంది సార్!" అని నవ్వుకుంటూ ఆమె బస్సెక్కేసింది.