సీట్లు లావెక్కవు

ఇంటర్ దాకా మా ఇంటిని యూనిఫాం కాపాడింది. 1998లో మా అక్క నజీరా బీకాంలో చేరాక ఆ రక్ష పోయింది. ఆ కాలేజీలో ఎవరికి తోచిన బట్టలు వాళ్ళు వేసుకోవచ్చట. ఆ ఏర్పాటు చేసిన మహానుభావులెవరో గానీ, భవానీపురం నుంచి సిటీ బస్సులో నలిగి వెళ్ళే ఆడపిల్లలు వాళ్ళ కంటికి ఆని ఉండరు.

అక్కకి సోకులేం లేవు. "రోజూ ఇదేనా, ఇంకో డ్రెస్ లేదా?" అని ఎవరూ అడగకుండా మూడేళ్ళూ గడిచిపోవాలి, అంతే. దానికో పద్ధతి పెట్టుకుంది. కింద వేసుకునేవి నలుపు ఒకటి, క్రీమ్ ఒకటి. చున్నీలూ ఆ రంగులే. టాపు ఏదైనా రెండింటి మీదికీ నప్పాలి. కట్‌పీసుల కొట్లో ప్రతి ముక్కనీ చున్నీ కొంగు పక్కన పెట్టి చూసేది. పూలు వద్దు, మెరుపులు వద్దు. నాకు నచ్చిందైతే మరీ వద్దు. తన తర్వాత అవన్నీ నాకే వస్తాయని తెలుసు కాబట్టి నేను కొట్లోనే ఏడ్చేదాన్ని. నలుపూ క్రీమూ పక్కపక్కన చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పద్ధతి బాగానే ఉంది గానీ, దాన్ని నడపడానికి మనిషి అరిగిపోవాలి. కాలేజీ నుంచి రాగానే విప్పి ఉతకడం, వానాకాలమైతే ఫ్యాను కింద ఆరేయడం, పొద్దున్నే ఇస్త్రీ. సోమవారం ఏ టాపు మీద ఏ చున్నీ వేసిందో గుర్తుంచుకోవడం అకౌంట్స్ పేపరుకన్నా కష్టంగా ఉందనేది.

కుట్టేది మా అబ్బా. ఆటోనగర్‌లో సీటు కవర్లంటే రహమతుల్లానే అనేవాళ్ళు. కార్లకీ, లారీ క్యాబిన్లకీ ముడత పడకుండా తొడిగేవాడు. కూతురి టాపులూ అలాగే కుట్టాడు. మెడకి పైపింగు, పక్కలకి డబుల్ కుట్టు, వేసుకుంటే ఒంటికి అతికినట్టుండేవి. లేడీస్ టైలర్లు ఇలా కుట్టగలరా అని అమ్మీ మురిసిపోయేది. నిజమే, కుట్టరు. ఎందుకు కుట్టరో మాకు రెండో ఏడు తెలిసింది.

ఆ ఏడు అక్క కాస్త ఒళ్ళు చేసింది. ఆ వయసు పిల్ల చెయ్యదా మరి. టాపులన్నీ ఒక్కసారే బిగుసుకున్నాయి. వదులు చేద్దామని అక్కా నేనూ ఒకదాన్ని తిరగేసి చూస్తే లోపల గుడ్డే లేదు. ఆడపిల్లల బట్టలు కుట్టేవాళ్ళు ఎవరైనా రేపటి కోసమని పక్కల్లో కాస్త గుడ్డ మడిచి వదులుతారు. మా అబ్బా కుట్టు అంచుదాకా కత్తిరించేశాడు. ఆయన చేతికి ఉన్న అలవాటు అది.

చెబితే ఆయన బాధపడతాడని అక్క చెప్పలేదు. కొత్తవీ అడగలేదు. రాత్రి అన్నం మానేసింది. కొన్నాళ్ళకి పొద్దున టిఫినూ మానేసింది. ఆకలి లేదంటే అమ్మీ నమ్మి, జీలకర్ర కషాయం కాచి పోసింది. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆ ఉతుకుడూ, ఆ ఇస్త్రీ మాత్రం మానలేదు.

ఏప్రిల్ ఎండలో బస్టాపులో పడిపోయింది. ఎవరో ఆస్పత్రికి చేర్చి అబ్బాకి కబురు పెట్టారు. ఆయన చేతులకి జిగురుతోనే పరిగెత్తాడు, వెనక అమ్మీ, నేనూ. ఊపిరాడాలంటే బట్ట వదులు చెయ్యాలని నర్సు శౌరమ్మ గారు పక్క కుట్టు పట్టుకుని లాగింది. ఊడలేదు. లారీ సీట్లకి వాడే దారం అది. చివరికి కత్తెర తెచ్చి కింది నుంచి చంకదాకా కత్తిరించింది.

"ఇంత బిగువుగా ఎవరు కుట్టారండీ?" అంది.

"నేనేనండీ," అన్నాడు అబ్బా.

సెలైన్ ఎక్కాక అక్క కళ్ళు తెరవకుండానే అన్నీ చెప్పింది. ఇంటికొచ్చాక అబ్బా పళ్ళెంలో అన్నం కలిపి అక్క ముందు పెట్టాడు.

"సీట్లు లావెక్కవు బేటా. నాకు తెలిసిన కొలత అదే. నువ్వు తిను, గుడ్డ సంగతి నేను చూసుకుంటా."

ఆయన మీద నాకు కోపమూ జాలీ రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ వారంలోనే టాపులన్నిటికీ రెండు పక్కలా నల్లగుడ్డ పట్టీలు వేశాడు. పాతవాటికే అతుకులేశారా అని కాలేజీలో అడగనే అడిగారు. ఏ ప్రశ్నకి భయపడి అంత చాకిరీ చేసిందో ఆ ప్రశ్న రానే వచ్చింది. అవును, చిన్నవైపోయాయి అని చెప్పిందట అక్క. సిగ్గుపడటానికి కూడా ఓపిక లేకపోయిందని నాతో అంది.

మూడో ఏడు కుట్టిన టాపుల్లో అబ్బా పక్కకి నాలుగేసి వేళ్ళ గుడ్డ వదిలాడు. మందంగా ఉండి ఒరుసుకుంటోందని అక్క గొణిగితే, ఉండనీ అనేవాడు. అది అక్కరపడనే లేదు. అక్క మళ్ళీ ఎప్పుడూ ఒళ్ళు చెయ్యలేదు. బీకాం అయ్యాక ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ కొట్లో లెక్కలు రాయడానికి కుదిరింది. అవే టాపులు, అదే బస్సు.

చివరికి అవి నాకొచ్చాయి. నేను దిట్టమైన మనిషిని. ఆకుపచ్చ టాపు ఒకటి పక్కలు విప్పితే, లోపలి మడతలో గుడ్డ కొన్ననాటి ముదురు రంగులోనే ఉంది. బయటిదంతా ఉతుకులకీ ఎండకీ వెలిసి, అది ఏ రంగో చెప్పలేనట్టు అయిపోయింది. అబ్బాకి చూపించాను. ఆయన ఆ మడత మీద వేలు పెట్టి రాస్తూ, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులతోనే మంచం మీద వాలిన అక్కకేసి చూశాడు.

"మీ అక్కకి చూపించకు," అన్నాడు.