మోకుల బజారును ఎత్తినారు

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను అనంతపురం జిల్లాలోని ఒక చిన్న మున్సిపాలిటీకి టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా వేసినారు. రిటైర్మెంటుకు ముందు నా ఆఖరు పోస్టింగు అదే. ఊరి పేరు రాయను. రాయకపోయినా ఆ ఊరివాళ్లు నాలుగు వాక్యాల్లోనే గుర్తుపడతారు.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరంటే అనుమతి లేని గోడలు కూలగొట్టించే మనిషని జనం అనుకుంటారు. అదీ చేస్తాం, కాదనను. మా కింద బిల్డింగ్ ఓవర్సీర్లు ఉంటారు. పైన కమిషనర్. ఆయన నెత్తిన ఎన్నికైన కౌన్సిలు, దానికొక చైర్మన్. ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, ఏ జాగాలో అంగళ్లు రావాలి అనే ఫైలు మా రిమార్కు లేకుండా కదలదు. రిమార్కు రాసినంత మాత్రాన అది మేము చెప్పినట్టు కదులుతుందని కాదు. ఈ తేడా కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఆ ఊరికి నడిబొడ్డు మోకుల బజారు. ఒకప్పుడు చుట్టుపక్కల రైతులు మోకులు, పగ్గాలు, కంబళ్లు, గంపలు కొనేది అక్కడే. శెనక్కాయ పంట చేతికొచ్చిన నెలలో ఆ బజారులో మనిషికి మనిషి తగలకుండా నడవలేకపోయేవాళ్లంట. తర్వాత బైపాసు పడింది, బస్సులు ఊర్లోకి రావడం మానేసినాయి. వానలు మొహం చాటేసేసరికి పల్లెలు బెంగళూరు దారి పట్టినాయి. నేను పోయేసరికి సగం అంగళ్లకు షట్టర్లు దిగి ఉండాయి.

తెరిచి ఉన్న అంగళ్ల కష్టం ఇంకొకటి. చెబితే నవ్వొస్తుంది. ఈ కరువు సీమలో ఆ అంగళ్లు నీళ్లలో మునిగేవి! రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్త పొర పోస్తారు. తవ్వడానికి ఎస్టిమేటులో డబ్బు పెట్టరు. అట్లా పొర మీద పొర పడి రోడ్డు పైకి లేచింది, అంగళ్లు గుంటలో పడినాయి. కొనేవాళ్లు మెట్లెక్కి కాదు, మెట్లు దిగి అంగట్లోకి పోవాలి. ఏడాదికి పడే ఆ నాలుగు వానలూ, వాటితోపాటు మురిక్కాలువ నీళ్లూ నేరుగా సరుకు మీదికే.

ఆ బజారులో మోకుల అంగడి పెద్దన్న అనే ఆయనది. అరవై దాటిన మనిషి, మాట కరుకు. వాళ్ల నాయన పెట్టిన అంగడి అది. ఒక్కగానొక్క కొడుకు కరోనాలో పోయినాడు. మిగిలింది కోడలు, మనవరాలు, ఆ అంగడి. కోడలు కూడా పొద్దున వంట ముగించి వచ్చి అంగట్లో కూర్చునేది. ఆ అంగడి నిలబడితే ఆ ఇల్లు నిలబడినట్టు. ఆ సంగతి ఆయన ఎవరికీ దాచలేదు. నాకు పరిచయమైన రోజే చెప్పినాడు, తడిసిన తాళ్లను ఎండకు ఆరబెడుతూ.

ఇంతలో పాత బజార్లను బాగుచేయడానికి పైనుంచి ఒక పథకం వచ్చింది. దానికి డీపీఆర్, అంటే పని మొత్తం అంచనాతో సహా వివరించే నివేదిక, తయారుచేసే పని ఒక కన్సల్టెన్సీకి ఇచ్చినారు. నివేదిక రాయకముందు ఊరివాళ్ల అభిప్రాయం తీసుకోవాలి, అది రూలు. సమావేశం నడపడమూ, మినిట్స్ రాయడమూ, అంటే ఎవరేమన్నారో నమోదు చేయడమూ కన్సల్టెన్సీ పని. వాళ్లు కిరణ్ అనే ప్లానరును పంపినారు. కృష్ణా జిల్లావాడు. మర్యాదస్తుడు, మంచి చదువు, లాప్‌టాప్‌లో వేళ్లు పరిగెత్తేవి. అతని మీద నాకు ఈ రోజుకూ కోపం లేదు. కోపం పెట్టుకోవాల్సినవాళ్లు వేరే ఉండారు.

కల్యాణమండపంలో సమావేశం. జనం బాగానే వచ్చినారు, టిఫిన్ కూడా ఉండె. ఒకాయన బజారు మొగదలలో ఊరి పేరును పెద్ద అక్షరాలతో, ఎర్రటి గుండె బొమ్మతో పెట్టమన్నాడు, పిల్లలు ఫోటోలు తీసుకుంటారని. ఇంకొకాయన రంగుల లైట్లన్నాడు. పాత కథల బొమ్మలు గోడలమీద వేయించమన్నాడు ఒక మాస్టారు. కూరగాయలమ్మే మార్తమ్మ లేచింది. "మాకు కక్కసు కావాల సారూ. నాలుగు గోడలు, ఒక తలుపు. గడియ లోపలుండల్ల, తాళం బయట కాదు. పొద్దంతా బజాట్లో కూచునే ఆడోళ్లు నీళ్లు తాగేదానిక్కూడా భయపడతాండాం," అంది. మండపంలో నవ్వినారు. నవ్వినవాళ్లంతా మగవాళ్లే అని వేరే చెప్పాలా!

చివర్న పెద్దన్న లేచినాడు. "లైట్లొద్దు, బొమ్మలొద్దు. మోకుల బజారును ఎత్తల్ల. ఎత్తితేనే ఇది బతుకుతాది. ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటాండాం, ఇనేవాడు యాడుండాడు?" అన్నాడు. మండపమంతా ఒక్కసారిగా, "అవునప్పా, ఎత్తల్ల! ఎత్తల్ల!" అని అరిచింది. కిరణ్ మైకు తీసుకొని, అందరూ దీనికి ఒప్పుకుంటే చేతులెత్తండి అన్నాడు. ఎత్తని చెయ్యి లేదు. కన్సల్టెన్సీవాళ్లు ఫోటో తీసుకున్నారు.

ఇక్కడ మా సీమ మాట ఒకటి వివరించాలి. నేను బెళుగుప్ప పక్క పల్లెలో పుట్టినదాన్ని కాబట్టి నాకు వివరణ అక్కరలేకపోయింది. రోడ్డుకంటే ఇల్లు పల్లమైతే మట్టి తోలి, నేల పెంచి, గడప పైకి లేపుతాం. దాన్నే ఇల్లు ఎత్తడం అంటాం. "వాళ్లు మొన్న ఇల్లెత్తినారు" అంటే ఇల్లు ఖాళీ చేసి పోయినారని కాదు, బాగుచేసుకున్నారని. ఎత్తల్ల అంటే ఎత్తాలి. పెద్దన్న అడిగింది బజారు నేలను పెంచి, అంగళ్లను రోడ్డుకు సమానంగా లేపమని. ఆ వేదిక మీద కూర్చొని అది విన్న నాకు, ఇన్నాళ్లకు ఒక పనికొచ్చే మాట వచ్చిందనిపించింది.

కొన్ని నెలలకు డీపీఆర్ ముసాయిదా నా టేబుల్ మీదికొచ్చింది, టౌన్ ప్లానింగ్ రిమార్కు కోసం. అంతా ఇంగ్లీషు. నడుమ ఒకచోట ఉంది: మోకుల బజారును పూర్తిగా ఎత్తివేసి, బైపాసు పక్కన కొత్త మార్కెట్టు కట్టాలని వర్తకులు, పౌరులు ఏకగ్రీవంగా కోరినారు. కింద చేతులెత్తిన జనం ఫోటో. ముందు వరసలో పెద్దన్న, చెయ్యి అందరికంటే పైకి.

మొదట నవ్వొచ్చింది. రెండోసారి చదివినాక నవ్వు పోయింది. కిరణ్‌కు ఫోన్ చేసినాను. "ఆయన ఎత్తేయాలనే కదండీ అన్నారు? సొంత బజారును ఎత్తేయమంటున్నారేంటా అని నాకూ ఆశ్చర్యం వేసిందండీ," అన్నాడు. ఆశ్చర్యం వేసినప్పుడు నోరు తెరిచి అడగొద్దా నాయనా అన్నాను. విషయం చెబితే పాపం నొచ్చుకున్నాడు, ఆ పూటే కన్సల్టెన్సీలో తన పైవాళ్లకు రాసినాడు. ముసాయిదాను అందరూ మెచ్చుకున్నారనీ, ఇప్పుడు కదిలించొద్దనీ వాళ్లు జవాబిచ్చినారంట.

నేను ఓవర్సీరును పిలిచి బజారు పొడుగునా లెవెల్స్ తీయించినాను. అంటే పరికరం పెట్టి రోడ్డు ఎంత ఎత్తులో ఉంది, గడప ఎంత పల్లంలో ఉందో కొలవడం. ఏ గడప చూసినా మోకాలి లోతు. ఆ కొలతలు జతచేసి, ప్రజలు కోరింది నేల ఎత్తు పెంచడమే గానీ తరలింపు కాదనీ, మినిట్స్ సరిచేయాలనీ నోట్ ఫైలులో రాసినాను. అనుమానముంటే సమావేశం మళ్లీ పెట్టండని కూడా రాసినాను.

కమిషనర్ పిలిపించినాడు. చెడ్డవాడు కాదు, బదిలీ కోసం ఎదురుచూస్తున్నవాడు. ఏకగ్రీవమైన ప్రజాభిప్రాయానికి ఒక ఆఫీసరు అడ్డం రాస్తే రేపు ఆడిట్‌కు తానేమని జవాబు చెప్పాలన్నాడు. ఆ అభిప్రాయం ప్రజలది కాదు సార్ అన్నాను. ఫోటో ఉంది కదా మేడమ్ అన్నాడు. ఫోటోకు చెవులుంటాయా! చేతులు కనబడతాయి గానీ మాట వినబడదు కదా అంటే, ఆయన కిటికీలోంచి బయటికి చూసినాడు.

అప్పటికి నాకు ఇంకో సంగతి తెలియదు. బైపాసు పక్కన, కొత్త మార్కెట్టు రాబోయే జాగాకు ఆనుకొని, కౌన్సిల్లో ఒక పెద్దమనిషి బావమరిది వెంచరు వేసి ఉండాడు. ప్లాట్లు పోకుండా ఎండుతుండాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినాడంట ఇంకొకడు. తప్పు పొరపాటున పుట్టింది, ఒప్పుకుంటాను. దాన్ని సాకి పెద్దచేసినవాళ్లు మాత్రం పొరపాటున చేయలేదు.

కౌన్సిల్ సమావేశం రోజు పెద్దన్న వర్తకులను వెంటబెట్టుకొని వచ్చినాడు. బయటివాళ్లకు అక్కడ మాట్లాడే హక్కు లేదు, చైర్మన్ దయతలిచి మాట్లాడమన్నాడు. పెద్దన్న తమకు తరలింపు వద్దన్నాడు. చైర్మన్ డీపీఆర్ తెరిచి ఫోటో చూపించినాడు. "ఏమప్పా పెద్దన్నా, ఆ పొద్దు చెయ్యెత్తింది నువ్వు కాదా? ఈడ నిలబడుండేది ఎవురు మరి?"

పెద్దన్న ఫోటో వైపు చూసి, "ఎత్తమంటి గానీ, ఎత్తుకపొమ్మంటినా సారూ?" అన్నాడు.

సభంతా ఘొల్లుమంది. బల్లలు కొట్టి మరీ నవ్వినారు. ఆ నవ్వులోనే అజెండాలో ఆ అంశం చదివినారు, ఆమోదించినారు. నా నోటును చదవలేదు. చదవకపోయినా అది ఫైలులో భద్రంగా ఉంటుందని కమిషనర్ నన్ను ఓదార్చినాడు.

మోకుల బజారు ఖాళీ చేయించే పని టౌన్ ప్లానింగుదే. నేనే నిలబడి చేయించినాను, ఉద్యోగం అది. కొత్త మార్కెట్టులో చీటీలు తీసి అంగళ్లు కేటాయించినారు. పెద్దన్నకు వెనక వరసలో వచ్చింది. బస్సులు ఆగేది ఇంకెక్కడో. తాడిపత్రి బండల లారీలు దుమ్ము లేపుకుంటూ ముందునుంచే పోయేవి, ఒక్కటీ ఆగేది కాదు. మార్తమ్మ అడిగిన కక్కసు మార్కెట్టు మూలన కట్టినారు, తాళం బయటే వేసినారు. పెద్దన్న కొన్నాళ్లు అద్దె కట్టి, కొన్నాళ్లు కట్టలేక షట్టరు దించినాడు. కోడలు బెంగళూరులో గార్మెంట్స్‌లో చేరింది, మనవరాలిని వెంట తీసుకపోయింది. ఆయన ఒక్కడే మిగిలినాడు.

పథకంలో రెండో భాగం ఖాళీ అయిన పాత బజారు. దాన్ని జనం నడిచి తిరిగే వీధిగా చేయాలన్నది ప్లాను. పాత అంగళ్లు కొట్టేసి, గ్రావెల్ తోలి, రోలరుతో తొక్కించి, పైన బండలు పరిచినారు. రంగుల లైట్లు పెట్టినారు. మొగదలలో ఊరి పేరు, ఎర్రటి గుండె బొమ్మ. పని పూర్తయిందని ధ్రువీకరించేముందు లెవెల్స్ సరిచూడాలి. నేనూ ఓవర్సీరూ పోయి కొలిచినాం. నేల పాత రోడ్డుకంటే పైనే ఉంది, వాలు కాలువ వైపే ఉంది. తప్పుపట్టడానికి ఏమీ లేదు.

కొలుస్తున్నంతసేపూ పెద్దన్న ఒక మూలన నిలబడి చూస్తుండాడు. ఆ వీధిలో మేము తప్ప ఇంకెవరూ లేరు. కొలత ముగిసినాక దగ్గరికొచ్చి, తన అంగడి ఉండిన చోట బండను చెప్పుకాలితో తట్టి చూసినాడు.

"ఎత్తినారు గదా మేడమ్," అన్నాడు. "నేనడిగినంత ఎత్తినారు. ఇంగ ఎంత వానొచ్చినా ఈడ సుక్క నిలవదు."

పని పూర్తయిందని ధ్రువీకరించే కాగితాన్ని ఓవర్సీరు చేతిలోంచి తీసుకున్నాను. ఆ సంతకం పెట్టేటప్పుడు వచ్చినంత కోపం నాకు సర్వీసు మొత్తంలో రాలేదు. అయినా పెట్టినాను, లెవెల్స్ సరిగ్గా ఉండాయి కాబట్టి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ వార్డులో సమావేశం పెట్టినా ఒక పద్ధతి పాటించినాను. రాసుకున్న ప్రతి మాటనూ, చెప్పినవాళ్ల యాసలోనే, చెప్పినవాళ్ల ముందే పైకి చదివించేదాన్ని. అది విని వాళ్లు అవునన్న తర్వాతే చేతులెత్తించేదాన్ని. దీనివల్ల ఒక్క బజారైనా బతికిందా అని అడిగితే, లేదు. బతకలేదు. జనం అడిగిందేమిటో, పోయినవి ఎవరు పోగొట్టినారో మాత్రం మినిట్స్‌లో సరిగ్గా ఉంటుంది.