పన్నెండు సూదులు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ అనేది, మా ఆయన అనేవాడు, నా దగ్గర కుట్టుపని నేర్చుకున్న ఆడపిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. వంకర కుట్టు కనిపిస్తే విప్పేసి చేతిలో పెట్టేదాన్ని, పైన నాలుగు మాటలు కలిపి మరీ. రిటైరయ్యాక తిట్టడానికి ఎవరూ దొరక్క నోరు కాస్త తగ్గిందనుకున్నాను. తగ్గలేదని బొంతల ప్రదర్శనలో తెలిసింది.

ఆ ప్రదర్శన కర్నూలులో మా చర్చి పక్కనున్న హాల్లో జరిగింది. హైదరాబాదులో చేతిపని వస్తువులు అమ్మే ఒక దుకాణం వాళ్ళు పాతచీరల బొంతలు కావాలని వచ్చారు. పల్లెల్లో ఆడవాళ్ళు కుట్టినవి రెండు రోజులు హాల్లో పెట్టాలి, వాళ్ళు చూసి ఆరుగురిని ఎంచుకోవాలి, ఆ ఆరుగురికి ఏడాది పొడుగునా ఇంటి దగ్గరే పని ఇవ్వాలి. ఇదీ మాట. కుట్టుటీచరును కాబట్టి బొంతలు పోగుచేసే పని నా మీద పడింది. నందికొట్కూరు నుంచి ఆత్మకూరు దాకా బస్సుల్లో, ఆటోల్లో తిరిగి ముప్పై దాకా తెచ్చాను.

నిజం చెప్పాలంటే, అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క పిల్లకీ బొంత కుట్టడం నేర్పలేదు. జాకెట్లు, లంగాలు, దిండుగలీబుల మీద పూలు నేర్పాను. బొంత అంటే లేమికి గుర్తు. ఇంటికి ఎవరైనా వస్తుంటే మా అమ్మ ముందు చేసే పని బొంతలు మడిచి మంచం కిందకి తోసేయడం. అలా దాచిపెట్టినవే ఇప్పుడు తాళ్ళకు వేలాడుతుంటే ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి చూశాను. ఒకదాని నిండా లుంగీల గళ్ళు. ఇంకొకటి మొత్తం బడి యూనిఫాం నీలమే, నడిమధ్యన మాత్రం పెళ్ళిచీర కొంగు. ఒక బొంత అడుగున రెండు పార్టీల జెండాగుడ్డలు పక్కపక్కన ఉన్నాయి. ఆ ఊళ్ళో ఆ రెండు పార్టీలవాళ్ళు ఒకే అరుగు మీద కూర్చోరు.

వాటన్నిటిలో నన్ను కట్టిపడేసింది ఒకటే. నందికొట్కూరు దాటాక ఒక పల్లెలో, డెబ్బై దాటిన ఒకామె కుట్టింది. ఎర్రమట్టిరంగు చీర పైన, చుట్టూ పాత పంచె అంచు. బయటి అంచు దగ్గర మొదలైన కుట్టు లోపలికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ మధ్యదాకా పోయింది. వరసకూ వరసకూ గోరంత ఎడం. ఆ వరసలు గీతగీసినట్టు లేవు, ఎద్దులు నడిచిన చేనుసాళ్ళలా కొంచెం ఊగుతూ ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని వెనక్కి తిప్పి చూశాను. నేను తప్పులు పట్టేది ఎప్పుడూ వెనకవైపే. ఒక్క ముడి పైకి లేదు, ఒక్క దారపుకొస కనపడలేదు. ముందు ఎలా ఉందో వెనకా అలాగే ఉంది. నా చేత కాదు అలా కుట్టడం. ఈ మాట నేను ఇంకెవరి పని గురించీ అనలేదు.

వచ్చినవాళ్ళు చూడటానికని ఆమెను బొంత కిందే చాప మీద కూర్చోబెట్టి కుట్టమన్నాం. పక్కన కోడలు కూర్చుంది. పెద్దామె తల ఎత్తకుండా కుట్టుకుపోతోంది. దారం అయిపోతే ఎడమ మోకాలి మీద పరిచిన గుడ్డలోంచి, ముందే దారం ఎక్కించి పెట్టిన సూది ఇంకొకటి తీసుకుంటోంది. తెలివైన పద్ధతే అనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు కోడలు చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు చాచాను. ఆమె చెయ్యి రాలేదు. గ్లాసు ఆమె ముఖానికి మూరెడు దూరంలో ఉంది.

ఆమె పక్కన కూర్చుని గ్లాసు చేతికి అందించాను. “పెద్దమ్మా, నీకు కండ్లు...” అన్నాను.

“మెల్లగ మాట్లాడు టీచరమ్మా,” అంది. “రెండేండ్లాయ. నీటికాసులంట. నరం ఎండిపాయె, ఇంగ రాదు అని చెప్పిరి డాక్టర్లు.”

“మరి ఈ బొంత?”

“అది పోయినాక కుట్టిందే. బొటనేలు గోరు అడ్డం పెట్టుకుంటా. వరస యాడుండాదో వేలికి తెలుస్తాది. గుడ్డలు మా కోడలు పరిచిపెడ్తాది, ఎర్రది ఈడ, నల్లది ఈడ అని చెప్తాది. కుట్టు మాత్రం అంతా నాదే.”

కోడలు తెల్లవారుజామునే కూలికి పోయేముందు పన్నెండు సూదులకు దారం ఎక్కించి గుడ్డకు గుచ్చి పెడుతుందట. సాయంత్రం వచ్చి లెక్కచూస్తుందట. “పొద్దున పన్నెండు, మాపటికి పన్నెండు. ఒగటి తక్కువైతే అది దొరికేదాకా కూడు ముట్టను,” అంది. ఆ మాట ఆమె ఎందుకు అంత గట్టిగా చెప్పిందో అప్పుడు నాకు తట్టలేదు. ముచ్చటగా విన్నాను.

తర్వాత నా మోచెయ్యి వెతికి పట్టుకుంది. “ఈ మాట ఈన్నే ఉండనీ టీచరమ్మా. తెలిస్తే పని ఇయ్యరు. ముసిల్ది కూచోని తింటాండాది అని అనిపించుకోకుండా పోవల్ల నేను. అంతే నాకు కావల్సింది.”

“నేనెందుకు చెప్తా పెద్దమ్మా,” అన్నాను. నన్ను అలా అడిగినందుకు కొంచెం కష్టపెట్టుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం తరఫున వచ్చిన అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని, పొద్దున ఒకసారి చూసిన బొంతలే మళ్ళీ ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మర్యాద తెలిసిన పిల్ల, చెప్పులు బయట విడిచి వచ్చింది. నేను వెంట ఉండి చెబుతున్నాను. ఈ బొంత దగ్గర చాలాసేపు నిలబడి, “చాలా బాగుంది మేడమ్. లైన్లు మాత్రం కొంచెం వంకర పోయాయి కదా. అది చూడండి, ఎంత నీట్‌గా ఉందో,” అని పక్కదాన్ని చూపించింది.

పక్కది స్కేలు పెట్టి చాక్‌పీసుతో గీతలు గీసుకుని కుట్టింది. మడతల్లో సుద్ద ఇంకా అలాగే ఉంది.

“వంకరా?” అన్నాను. “అది స్కేలు పెట్టి గీసుకున్నది. ఇది కళ్ళు లేకుండా కుట్టింది. రెండేళ్ళయింది ఈమెకు చూపు పోయి. నువ్వు కళ్ళు మూసుకుని ఒక్క వరస కుట్టి చూపించు, అప్పుడు చెబుదువుగాని వంకరో కాదో.”

హాలంతా వినపడేలాగే అన్నాను. తరగతిలో అలవాటైన గొంతు. అందరూ మాటలు ఆపి ఇటు తిరిగారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు గెలిచినట్టే ఉంది. ఆ తర్వాతే కిందకి చూశాను. ఆమె చేతిలో సూది ఆగిపోయింది. సగం లోపల, సగం బయట. కోడలు మాత్రం నావైపే చూస్తోంది.

ఇక తర్వాత జరిగింది ఎవరూ ఆపలేనిది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఫోన్లు బయటికొచ్చాయి. ఆమెను నిలబెట్టారు, కుర్చీలో కూర్చోబెట్టారు, బొంత ఒళ్ళో పరిచి ఫోటోలు, వీడియోలు తీశారు. దుకాణం పిల్ల కళ్ళు తుడుచుకుంది. పాస్టరుగారు దేవుడిచ్చిన వరమన్నారు. సాయంత్రం ముఖ్య అతిథి కోసం తెచ్చిన శాలువా ముందుగా ఆమెకే కప్పారు. జరీ మెరుపుల పలచటి శాలువా. ఆమె దాని అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, కోడలితో మెల్లగా, “ఇది దేనికీ రాదు. లోపలి పొరకు గూడా రాదు,” అంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

సాయంత్రం ఆరుగురి పేర్లు చదివారు. అందులో ఆమె పేరు లేదు. చాక్‌పీసు గీతల ఆమె పేరు ఉంది.

నేను ఆ పిల్లను వరండాలోకి పిలిచి అడిగాను. తను తల వంచుకుని నోట్‌బుక్ తీసి చూపించింది. మూడో పేరు పెద్దామెదే. పైన ఒక అడ్డగీత. “పొద్దుననే రాసుకున్నాను మేడమ్. లైన్ల గురించి ఊరికే అన్నాను. మీరు చెప్పకపోతే...” అని ఆగింది. “మా దగ్గర పసిపిల్లల బొంతలే ఎక్కువ పోతాయి. చూపు లేనివాళ్ళు కుట్టింది అంటే, లోపల సూది ఉండిపోతే అని భయపడతారు. నేను కొనేవాళ్ళకు ఏం చెప్పను?”

పన్నెండు సూదుల సంగతి చెప్పాను. పొద్దునా సాయంత్రం లెక్కచూస్తారని, ఒకటి తగ్గితే అన్నం తినదని చెప్పాను. చెబుతుంటే నా గొంతే నాకు అసహ్యంగా వినిపించింది. “మీరు నమ్ముతారు మేడమ్, చూశారు కాబట్టి,” అందా పిల్ల. నేను వాదించింది ఆమె కోసం కాదని అప్పటికి నాకు అర్థమైంది. కుట్టు గురించి నాకంటే ఎక్కువ తెలిసినట్టు ఒక చిన్నపిల్ల మాట్లాడితే ఓర్చుకోలేకపోయాను. అందుకు ఆమెను వాడుకున్నాను.

నెల రోజులు ముఖం చెల్లక ఊరుకున్నాను. తర్వాత నావి నాలుగు నూలుచీరలు సంచిలో పెట్టుకుని ఆదివారం ఆ పల్లెకు పోయాను. గుమ్మంలోనే కోడలు ఎదురైంది. లోపలికి రమ్మనలేదు.

“ఇంగేం చెప్పడానికి వస్తివి టీచరమ్మా?” అంది. “చూపు కొంచెం మందగించింది అనుకుంటాండిరి ఊర్లో, అంతే. ఎవురికీ పూర్తిగా తెల్దు. ఆ వీడియో ఫోన్లల్లో తిరిగినాక, కుట్టమని ఇచ్చిన కోకలు గూడా వెనక్కి తీసకపోయిరి. పిల్లోళ్ళ బొంతల్లో సూది ఇడిచిపెడ్తాదంట. రెండేండ్లుగా కుడ్తానే ఉండాది గదా, ఒగ సూదన్నా దొరికిందా ఎవురికైనా?”

పెద్దామె లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

“టీచరమ్మేనా?” అంది.

“నేనే పెద్దమ్మా. తప్పయిపోయింది.”

“మెచ్చుకుంటివి,” అంది. “నన్ను మెచ్చుకోమని ఎవురడిగిరి తల్లీ నిన్ను?” కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

మా అమ్మాయి కాన్పుకు వచ్చి ఉందని, పాపకు రెండో నెలని, బొంత కావాలని చెప్పాను. చీరలు ఒళ్ళో పెట్టాను. ఒక్కొక్కటే మడత విప్పి చెంపకు రాసుకుని చూసింది. “ఇది శానా మెత్తగుండాది, పాపకు తగిలేతట్టు పైన పెట్టల్ల. ఇది గంజి తాగిన గుడ్డ, అడుక్కు ఏస్తా,” అంది. నాతో కాదు, చీరలతో మాట్లాడినట్టు. కోడలు లోపలికి పోయి సూదుల గుడ్డ తెచ్చి అత్త పక్కన పెట్టింది.

మూడు వారాలకు మళ్ళీ పోయాను. బొంత మడిచి సిద్ధంగా ఉంది. అదే చుట్టు, అదే గోరంత ఎడం. ఆమె దాన్ని నా ఒళ్ళో పెట్టి, ఆ తర్వాత సూదులు గుచ్చిన గుడ్డ నా అరచేతిలో పెట్టింది.

“లెక్క పెట్టుకో,” అంది.

“వద్దులే పెద్దమ్మా.”

“పెట్టుకో. నాకు వినపడేతట్టు.”

బడిపిల్లలా పైకి లెక్కపెట్టాను. పన్నెండు. ఆమె తల ఊపి గుడ్డ వెనక్కి తీసుకుంది.

బస్సులో దారి పొడుగునా బొంతను ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి నా గది తలుపు దగ్గరగా వేసి మంచం మీద పరిచాను. కుట్టు చూద్దామనే పరిచాను. అరచెయ్యి ఒక మూల పెట్టి మెల్లగా జరుపుతున్నాను. నాలుగైదు వరసలు దాటాక గాని నేను ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. అరచేత్తో అదిమి అదిమి చూస్తున్నాను. తెలిశాక కూడా ఆపలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా అదిమి, బొంత తిరగేసి వెనకవైపూ అదిమాను. అంచుల దగ్గర రెండుసార్లు చూశాను. ఏమీ లేదు. పైకి లెక్కపెట్టింది నేనే. పన్నెండని అన్నది నేనే.

తలుపు తోసుకుని మా అమ్మాయి పాపను ఎత్తుకుని వచ్చింది. బొంత చూసి కళ్ళు పెద్దవి చేసుకుంది. వంగి వరసల మీద వేలు పెట్టి, “ఎవరు కుట్టారమ్మా, ఇంత బాగుంది?” అని అడిగింది.

ఆ వీడియో అది కూడా చూసింది; చెబితే అందులో ఉన్నామె అని దానికి వెంటనే తెలిసిపోతుంది. పాపను వెనక్కి ఎత్తుకుంటుందేమోనని భయమేసింది. ఎక్కడా ఆగని నా నోటికి ఆమె ఊరి పేరు కూడా రాలేదు. ఆత్మకూరులో ఎవరో అమ్ముతుంటే కొన్నానన్నాను.

మా అమ్మాయి పాపను దాని మీద పడుకోబెట్టింది.